ఫొటోలో ఆకు రంగు తప్పితే మందూ తప్పుతుంది

పత్తి చేలో ఆకు ఎర్రబడగానే ఫోను తీసి ఫొటో కొట్టి శాస్త్రవేత్తలకో, మందుల కొట్టుకో పంపడం మన పల్లెల్లో మామూలైపోయింది. మంచిదే. ఆకు పట్టుకుని లాం ఫారానికి బస్సెక్కే పని తప్పింది. అయితే ఆ ఫొటోలో కనిపించేది ఆకు అసలు రంగేనా అన్నది చాలామంది చూసుకోవడం లేదు.

పత్తిలో ఎరుపంతా ఒకటి కాదు. పచ్చదోమ రసం పీలిస్తే ఆకు అంచులు ముందు పసుపుకు తిరిగి, కిందికి ముడుచుకుని, ఆ తర్వాత ఎర్రబడతాయి. మెగ్నీషియం లోపమైతే ముదురాకుల్లో ఈనెలు పచ్చగానే ఉంటాయి, వాటి మధ్య భాగం ఎర్రబడుతుంది. దీనికి లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి కొడితే సరిపోతుంది. సాయంత్రం ఎండలో తీసిన ఫొటోలో ఆ పచ్చటి ఈనెలే గోధుమ రంగులో కనిపిస్తాయి. చూసినవాళ్లు దోమ అనుకుని మందు రాస్తే డబ్బు పోతుంది, లోపం అలాగే ఉంటుంది.

ఇలా ఎందుకవుతుంది? కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు రంగుల వెలుతురునే కొలుస్తుంది. ఆ కొలత ఒక్కో కంపెనీ కెమెరాలో ఒక్కో తీరు. పైగా ఏ వెలుతురులో తీశామో కెమెరా తనే అంచనా వేసుకుని రంగులు సర్దుతుంది. ఫొటో నిండా ఒకే రంగుంటే ఆ అంచనా తప్పుతుంది. అందంగా కనిపించాలని రంగులు పెంచడం ఇంకోటి.

ఇలా సర్దేసిన మామూలు ఫొటో వండిన కూరలాంటిది, ఎక్కువైన ఉప్పు తీయలేం. సర్దకముందు ఉన్న కొలతలను ‘రా’ ఫైలు అంటారు. చాలా ఫోన్లలో ‘ప్రో’ అనే చోట ఇది దొరుకుతుంది. చవక చిన్న కెమెరాల్లో ఎక్కువ వాటికి ఈ సౌకర్యం ఉండదు. కానన్ చిన్న కెమెరాలు కొన్నిటికి మాత్రం ఔత్సాహికులు తయారు చేసిన సీహెచ్‌డీకే అనే ఉచిత ప్రోగ్రాం ఎక్కిస్తే వస్తుంది.

ఆ కొలతలను సరిచేయడం కాటా సరిచూసుకోవడం లాంటిదే. కాటా మీద అనుమానమొస్తే కిలో గుండు పెట్టి తేడా ఎంతో చూస్తాం కదా! ఇక్కడ గుండు బదులు 24 గళ్ల రంగుల అట్ట. 1976 నుంచీ ఇలాంటిది వాడుకలో ఉంది. ప్రతి గడి రంగూ ముందే తెలుసు. కెమెరా దాన్ని ఎలా చూసిందో కంప్యూటరు పోల్చి, తేడాల పట్టిక రాసుకుంటుంది. ఆ పట్టికే రంగుల ప్రొఫైలు. ఒక కెమెరా పట్టిక ఇంకో కెమెరాకు పనికిరాదు. ఎండకు ఒకటి, ట్యూబులైటుకు ఒకటి చేసుకోవాలి.

అట్ట ఖరీదైనదే. రైతు కొనాల్సిన పని లేదు, సంఘంగా పెట్టుకుంటే చాలు. రైతుకు తెల్ల కాగితం చాలు. ఆకు పక్కన కాగితం పెట్టి, రెండిటి మీదా ఒకే వెలుతురు పడేలా, ఆరుబయట మన నీడలో తీయాలి. ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద, నీలం పట్టా పక్కన తీయొద్దు. ఫ్లాష్ వద్దు. కాగితం మరీ తెల్లగా మెరిసిపోతే వెలుతురు తగ్గించి మళ్లీ తీయాలి. చూసేవాళ్లు కంప్యూటర్లో ఆ కాగితం మీద నొక్కి ‘ఇదే తెలుపు’ అని చెబితే మిగతా రంగులు చాలావరకు దారికొస్తాయి. ఆకు అడుగు వైపూ ఒక ఫొటో తీయాలి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే వివరం చెదరదు.

మిర్చిలో ముడత గుర్తించడానికి రంగుతో అంత పని లేదు. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. 2021లో గుంటూరు, ప్రకాశం తోటలను ముంచిన నల్ల తామర పురుగు పూలలో దాక్కుంటుంది. పూవును అదే కాగితం మీద దులిపి ఫొటో తీస్తే నల్లగా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎండుకాయల సంగతి వేరు. కల్లంలో తీసిన ఫొటో చూపి ఫోనులో బేరం ఖాయం చేసుకోవద్దు. యార్డులో ధర పలికేది చేతిలోని శాంపిలుకే. ప్రయోగశాలలో కూడా కాయ రంగును అసిటోనులో దించి, 460 నానోమీటర్ల వెలుతురు దగ్గర కొలుస్తారు. ఫోను ఎరుపు ఎంత పెంచినా తాలు కాయ తాలే.