స్వహస్తనిర్మిత గేమ్ కంట్రోలరు: దోషమును వెదకు విధము



నాడి చూడక మందిచ్చు వైద్యుని వలన రోగికి కీడు గలుగును. యంత్రమును బాగుచేయువానికిని ఇదియే నీతి. ఈ నీతిని మీకు బోధించు నేనే యొకనాడు దానిని మఱచితిని. ఆ వృత్తాంతమును మీ మేలుకొఱకు వ్రాయుచున్నాను.

వైజ్ఞానిక ప్రదర్శనమునకు ముందటి సాయంకాలమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు తాను చేసిన గేమ్ కంట్రోలరును నాయొద్దకు తెచ్చెను. అట్టపెట్టెలో తొమ్మిది మీటలు, ఒక చిన్న జాయ్‌స్టిక్కు, ఏటీమెగా 32యు4 అను మైక్రోకంట్రోలరు గల పలక యొకటి యుండెను. వాని తండ్రి గద్వాల చీరలు నేయువాడు. కూలిలో మిగిల్చి యా పలకను కొనియిచ్చెను. నా కేబులుతో కంప్యూటరునకు తగిలింపగా పలకమీది దీపము వెలిగెను గాని కంప్యూటరు దానిని గుర్తింపలేదు. "దీపము వెలిగినది గనుక కేబులు మంచిదే. నీ సోల్డరింగే చెడినది, అంతయు నూడదీయుము" అంటిని. బాలుడు మాఱుపలుకక తల యూచి వెడలెను. ఆ రాత్రి అతుకులన్నియు నూడదీసి మరల వేయుచుండగా నొక సన్నని రాగిబిళ్ళ పలకనుండి లేచిపోయెను. తెల్లవారి చూడగా దోషము యథాపూర్వముగనే యుండెను.

వనపర్తి సంస్థానపు పూర్వ రాజప్రాసాదమున నడచు పాలిటెక్నిక్కులో చదువుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు ఆ యుదయమున వచ్చి యుండెను. అతడంతయు విని, "సార్, ఈ కేబులుతో మీ ఫోనులోని ఫొటోలు కంప్యూటరులో కనబడునా?" అని యడిగెను. తగిలించి చూచితిమి. ఫోనునకు చార్జి ఎక్కెను. ఫొటోలు మాత్రము కనబడలేదు.

కారణము వినుడు. యు.ఎస్.బి. పద్ధతి 1996లో వెలువడినది. దానిని రూపొందించిన వారిలో మన దేశమున జన్మించిన అజయ్ భట్ అను ఇంటెల్ ఇంజనీరు ముఖ్యుడు. యు.ఎస్.బి. 2 కేబులులో నాలుగు తీగలుండును. ఎఱుపు తీగ 5 వోల్టుల విద్యుత్తును తెచ్చును. నలుపు దానిని మరలించును. ఆకుపచ్చ, తెలుపు తీగలు రెండును వార్తలను మోయును. చార్జింగునకు మాత్రమే చేసిన చౌక కేబుళ్ళలో ఈ కడపటి రెండును ఉండవు. దీపము విద్యుత్తును గూర్చి మాత్రమే సాక్ష్యమిచ్చినది. నేను దానిచేత వార్తలను గూర్చియు సాక్ష్యము పలికించితిని.

వార్తలు మోయు కేబులు పెట్టగానే కంప్యూటరు కంట్రోలరును గుర్తించెను. అది యెట్లన, పలక తన ఆకుపచ్చ తీగను 1,500 ఓముల నిరోధము ద్వారా 3.3 వోల్టులకు ఎత్తి పట్టును. అది చూచి కంప్యూటరు, సెకనుకు 1 కోటి 20 లక్షల బిట్లు పంపగల పరికర మొకటి వచ్చినదని తెలిసికొనును, పిమ్మట దాని కొక సంఖ్యను చిరునామాగా నిచ్చి, "నీ వెవరవు? నీ సమాచారపు వరుస యెట్టిది?" అని యడుగును. పలక యిచ్చు ప్రత్యుత్తరమునకే డిస్క్రిప్టరు అని పేరు. పరికరము తనంతట వార్త పంపదు. కంప్యూటరు అడిగినప్పుడే పలుకును.

అంతటితో కష్టములు తీరలేదు. తొమ్మిది మీటలును సరిగా పనిచేసెను గాని, జాయ్‌స్టిక్కును ప్రక్కలకు త్రిప్పిన తెరమీది బొమ్మ పైకిని క్రిందికిని పోవుచు, ఊరకున్నప్పుడును మధ్యకును ఎడమ కొసకును గంతులు వేయుచుండెను. "ఈ కేబులు కూడ చెడినదేమో?" అని బాలుడనెను. ఈ మారు నేను తొందరపడలేదు. యు.ఎస్.బి. వార్త ప్రతిదానితోను దానిని సరిచూచు సంఖ్య యొకటి పోవును. త్రోవలో చెడిన వార్తను కంప్యూటరు స్వీకరింపదు, మరల పంపించుకొనును. కావున చేరిన వార్త ఎల్లప్పుడు నొకే తీరున తప్పుగా నున్నచో తప్పు తీగది కాదు, లెక్కది.

లెక్క చూడుడు. మీట యొక్కింటికి ఒక బిట్టు చొప్పున తొమ్మిది బిట్లు. బైటునకు ఎనిమిది బిట్లు గనుక, ప్రోగ్రాము ఆ తొమ్మిదింటిని రెండు బైట్లలో, అనగా 16 బిట్లలో పెట్టి, అటుపిమ్మట అడ్డము, నిలువు కొలతలను ఒక్కొక్క బైటుగా పంపుచుండెను. డిస్క్రిప్టరులో మాత్రము మిగిలిన ఏడు ఖాళీ బిట్లను చెప్ప మఱచెను. అందుచే కంప్యూటరు ఏడు బిట్లు ముందుగనే కొలతలను చదువ నారంభించెను. అడ్డపు కొలతలో చాల భాగము నిలువు స్థానమున పడెను. బాలుని తండ్రి యిది విని, "పడుగులో ఏడు పోగులు లెక్క తప్పిన అంచు పువ్వు పక్కకు జరిగినట్లే గదా సార్" అనెను. అంతకంటె చక్కని వివరణము నేనీయలేను. ఆ ఏడు బిట్లను చేర్చగానే జాయ్‌స్టిక్కు చెప్పినట్లు వినెను. లేచిపోయిన రాగిబిళ్ళకు బదులు సన్నని తీగ యొకటి అతికించి ప్రదర్శనమునకు కొనిపోతిమి.

నాగర్ కర్నూలునుండి గద్వాల వఱకు ఇట్టి పలకలతో ప్రయోగములు చేయు బాలబాలికలు ఈ క్రమమును జ్ఞాపకముంచుకొనవలెను.

మొదట కేబులును ఫోనుతో పరీక్షింపుడు. రెండవది, కంప్యూటరు పరికరముల పట్టికలో మీ పలక పేరున్నదో లేదో చూడుడు. మూడవది, పేరుండియు మీటలు పలుకనిచో, సీరియల్ మానిటరు తెఱచువఱకు ఆగుమను వాక్యము ప్రోగ్రాములో మిగిలినదేమో చదువుడు. నాలుగవది, మీటలు పలికియు తప్పు పలికినచో బిట్లను కాగితముపై వరుసగా వ్రాసి లెక్కింపుడు. ఒక్కసారి ఒక్కదానినే మార్చుడు, మార్చినదానిని వ్రాసియుంచుడు. సోల్డరింగు ఊడదీయుట కడపటి ఉపాయము.

మరునాడు తరగతి యెదుట ఆ బాలుని క్షమాపణ వేడితిని. వాని అతుకులలో మొదటినుండియు దోషము లేదు. పరీక్షింపక నేరము మోపుట యంత్రమునకైనను బాలునికైనను అన్యాయమే. ఆ కేబులు నేటికిని మా ప్రయోగశాల గోడకు వ్రేలాడుచున్నది. దానిక్రింద "చార్జింగునకు మాత్రమే" అని నా చేతివ్రాత గలదు.