శస్త్రచికిత్సకు ముందు భయం – సుశ్రుతుని మాట

1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి వెలసిన నాటి నుండి దూరప్రాంతాల రోగులు ఈ గుట్టలకు వస్తూనే ఉన్నారు. పెద్దమ్మగుడిలోను, ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానంలోను అర్చన చేయించుకొనేవారిలో రేపో ఎల్లుండో ఆపరేషన్ ఉన్నవారు కొందరుంటారు. “అయ్యా, ఆపరేషన్‌కు ముహూర్తం చూస్తారా?” అని పండితులను అడుగుతారు. ఆ ప్రశ్న అడుగున ఉన్నది చాలావరకు తిథివారాల సందేహం కాదు, భయం.

సుశ్రుతసంహిత సూత్రస్థానంలో ఐదవది అగ్రోపహరణీయాధ్యాయం. శస్త్రకర్మకు ముందు సమకూర్చుకోవలసిన సామగ్రిని అది చెబుతుంది. శుభతిథి నక్షత్రాలు చూడమని, అగ్నిని, విప్రులను, వైద్యులను అర్చించమని అందులో ఉన్నమాట నిజమే. అయితే ఆ అధ్యాయం చివర సుశ్రుతుడే, ప్రాణం మీదికి వచ్చిన వ్యాధులలో విధులు పట్టుకొని కూర్చోరాదని, ఇల్లు అంటుకొన్నప్పటివలె తక్షణమే పూనుకోవాలని శాసించాడు. సినిమాకు ముహూర్తపు షాట్ వచ్చే నెలకు జరుపుకోవచ్చు. చీము పట్టిన అపెండిక్స్‌కు ఆ వెసులుబాటు లేదు. వైద్యుడే రెండు మూడు రోజులు చెప్పి ఎంచుకోమంటే అప్పుడు పంచాంగం తీయండి.

శస్త్రం వేసిన పిమ్మట చల్లని నీటితో రోగిని సేదదీర్చి ఊరడించమని కూడా అక్కడే ఉన్నది. ఊరడింపు చికిత్సాక్రమంలోనే ఒక మెట్టు అన్నమాట. కనుక భయాన్ని వైద్యునితో చెప్పుకోవడం చిన్నతనం కాదు.

ఆహారం విషయంలో జాగ్రత్త అవసరం. సుశ్రుతుడు పెక్కు శస్త్రకర్మలకు ముందు తేలిక భోజనం పెట్టమన్నాడు. అర్శస్సు, అశ్మరి, భగందరం వంటి వాటికి మాత్రం ఉపవాసం చెప్పాడు. నేడు మత్తులో కడుపులోని ఆహారం పైకి తన్ని ఊపిరితిత్తులలోకి దిగే ప్రమాదం ఉన్నందున ముందుగా ఏమీ తినవద్దంటారు. ఆ ఉదయం ప్రసాదాన్ని కళ్లకద్దుకొని ఇంటివారికి ఇచ్చివేయండి. “ప్రసాదమే కదా” అని నోట వేసుకొని వైద్యునికి చెప్పకపోవడం మహాప్రమాదం. వాడుతున్న మాత్రలు, నాటుమందులు, పొగ, మద్యం, కదులుతున్న పన్ను, ఏదీ దాచరాదు.

మంగళసూత్రం తీయమన్నప్పుడు స్త్రీలు కన్నీరు పెట్టుకొంటారు. శస్త్రచికిత్సలో వాడే విద్యుత్ పరికరాల వల్ల లోహం తగిలినచోట చర్మం కాలవచ్చు, అందుకే తీయమంటారు. దానిలో అమంగళం ఏమీ లేదు. భర్త చేతికో, అత్తగారి చేతికో ఇచ్చి, నర్సు సమ్మతిస్తే పసుపుకొమ్ము కట్టిన దారం ధరించవచ్చు.

ఇక మత్తు నుండి మేలుకోనేమోనన్న భయం. ఇది ఈ నగరానికి పాతదే. ఆరవ నిజాం ఆదరణతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లోను, 1889లోను హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు జరిగాయి. శ్వాసను కనిపెట్టి ఉండాలని అవి తేల్చాయి. గుండెకు కలిగే అపాయాన్ని వారు తక్కువగా అంచనా వేశారని తరువాత తెలిసింది. నేడు మత్తువైద్యుడు ఆ రెంటినీ ఆసాంతం కనిపెట్టుకొని రోగి తలాపుననే ఉంటాడు. ముందురోజు ఆయనను అడగవలసినవన్నీ అడగండి.

మనసులో చేసే నామస్మరణకు స్నానాసనాల నియమం లేదు. స్ట్రెచర్ మీద పడుకొని కూడా చేయవచ్చు.