ఆల్చిప్పల్లోని విషం ఉడికిస్తే పోతుందా?



"సిస్టర్, బాగా ఉడికిస్తే గుల్లల్లో ఏ దోషమైనా పోతుంది కదా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. క్రిములైతే చాలావరకు చస్తాయి. పాదరసం, కాడ్మియం వంటి లోహాలు మాత్రం ఉడికించినా వేయించినా పోవు. (లేవీయకాండము 11వ అధ్యాయము సంగతి పాస్టరుగారినే అడగండి!)

చేప మురికినీటిని తప్పించుకొని ఈదిపోగలదు. ఆల్చిప్ప పోలేదు. ఉన్నచోటనే ఉండి, నీటిని మొప్పల గుండా రోజంతా వడకట్టి ఆహారం తీసుకుంటుంది. ఫ్యాక్టరీ మురుగులోని లోహాలు కూడా ఆ నీటితోనే ఒంట్లో చేరతాయి.

లోపల ఏమి జరుగుతుంది? గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుస నురగ రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. రక్తంలోని కాటలేజ్ అనే ఎంజైము దానిని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వల్లనే ఆ నురగ. మన కణాల్లోనూ, ఆల్చిప్ప కణాల్లోనూ ఈ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది. దానిని అణచడానికి కాటలేజ్, గ్లూటాథయోన్ కాపలా కాస్తాయి. రాగి ఎక్కువైతే పెరాక్సైడ్‌ను ఇంకా ఘాటైన పదార్థంగా మారుస్తుంది. పాదరసం, కాడ్మియం గ్లూటాథయోన్‌ను పట్టుకొని పనికిరాకుండా చేస్తాయి. కాపలా తగ్గితే, పాత నూనె చెడి కంపు కొట్టినట్లే, కణాల పొరల్లోని కొవ్వు చెడిపోతుంది. దీనినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

ఈ ఒత్తిడి తినేవారికి అంటుకోదు. మనకు వచ్చేది లోహమే. ఆల్చిప్ప లోహాన్ని ఒక ప్రోటీనుతో కట్టి దాచుకొని బతికేస్తుంది గనుక, చూడటానికీ రుచికీ బాగానే ఉంటుంది. అదే చిక్కు.

జపాన్‌లోని మినమాతలో ఒక రసాయన ఫ్యాక్టరీ పాదరసపు మురుగును సముద్రంలోకి వదిలింది. అక్కడి చేపలు, గుల్లలు తిన్నవారికి చేతులు తిమ్మిరెక్కడం, మాట తడబడటం, చూపు తగ్గడం కనిపించాయి. 1956లో ఆ జబ్బు బయటపడింది. పెద్దగా లక్షణాలు లేని తల్లులకు కూడా మెదడు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. ఆ పాదరసం మాయను దాటి బిడ్డకు చేరుతుంది.

అలాగని గుల్లలు మానేయమని మేము చెప్పము. వాటిలో ఇనుము, జింకు బాగా ఉంటాయి. ఫ్యాక్టరీ కాలువలు, ఓడరేవుల దగ్గర ఏరినవి మాత్రం వద్దు. కొనేటప్పుడు ఎక్కడ ఏరారో అడగండి. "యాంటీ ఆక్సిడెంట్" మాత్రలు మింగితే లోహం బయటికి పోతుందనుకోవద్దు. గర్భిణులు చెకప్‌కు వచ్చినప్పుడు ఏ చేప, ఏ గుల్ల తింటున్నారో సిస్టర్లకు చెప్పండి.