వారీ నడకకు ఏ బ్యాగు?

ప్రశ్న: ఈ ఆషాఢంలో ఆళంది నుంచి పండరిపురం దాకా వారీ పాదయాత్రలో నడుద్దామనుకుంటున్నా. 60 లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగు కొనమని మిత్రులంటున్నారు. అంతది కావాలా?
– ఒక పాఠకుడు, కోటగిరి

జవాబు: అక్కర్లేదండీ. జ్ఞానేశ్వర్ పల్లకి వెంట దాదాపు 250 కిలోమీటర్లు, సుమారు మూడు వారాల నడక. అయితే దిండీతో (యాత్రికుల బృందంతో) వెళ్లేవారి పరుపులు, బట్టల మూటలు మామూలుగా లారీలో బసకు చేరతాయి. మీ వీపు మీద ఉండాల్సింది నీళ్లు, ఒక జత బట్టలు, తువ్వాలు, రెయిన్‌కోటు, మందులు. 25–30 లీటర్లు చాలు. పెద్ద బ్యాగు కొంటే అది నిండేదాకా మనిషి ఊరుకోడు!

లీటర్ల కన్నా వీపు కొలత ముఖ్యం. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుము ఎముక పైఅంచు వరకు ఇంట్లోవాళ్లతో టేపు పెట్టించండి. బ్యాగు వీపు పొడవు దానికి సరిపోవాలి. నడుం పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. బరువులో ఎక్కువ భాగం అక్కడికే దిగాలి. దుకాణంలో ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. ఐదు కిలోల బరువు వేయించి, పట్టీలు బిగించి, మెట్లెక్కి దిగండి.

దారంతా వానలే. పైన కవరు తొడిగినా వీపు వైపు నుంచి నీరు దిగుతుంది, కాబట్టి లోపల మందపాటి పాలిథిన్ సంచి పరవండి. ఎరువుల బస్తాలోది మాత్రం వద్దు, వాసన వదలదు.

పుణె దాటాక దివే ఘాట్ కొండదారి ఎక్కాలి. అందుకే నెల ముందే బ్యాగు కొని, అదే బరువుతో రోజూ పొద్దున బోధన్ రోడ్డు మీద నడవండి.