జోజిమస్: డబ్లిన్ వీధుల అంధకవి

ఆంగ్ల సాహిత్యం చదివే విద్యార్థులకు డబ్ల్యూ. బి. యేట్స్ పేరు సుపరిచితమే. 1923లో నోబెల్ బహుమానం పొందిన ఈ ఐరిష్ మహాకవి తన యౌవనంలో, 1893లో, 'ది కెల్టిక్ ట్విలైట్' అనే వచన గ్రంథాన్ని ప్రకటించాడు. ఐర్లండు పల్లెజనుల నమ్మకాలు, వారు చెప్పుకొనే వింత కథలు అందులో ఉన్నాయి. వాటి నడుమ ఒక బిచ్చగాని జీవితకథ కూడా ఉన్నది. ఆ బిచ్చగాడు పుట్టు గుడ్డివాడని చెప్పదగినవాడు. జన్మలో ఒక్క అక్షరం చదివి ఎరుగడు, ఒక్క పుస్తకం అచ్చు వేయించలేదు. అటువంటి వానికి అంతటి కవి తన గ్రంథంలో ఎందుకు చోటిచ్చాడు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ చిన్న వ్యాసంలో మా ప్రయత్నం.

పుట్టుక, పరిసరాలు

అతని అసలు పేరు మైకేల్ మోరాన్. లోకం అతనిని పిలిచిన పేరు జోజిమస్. 1794 ప్రాంతంలో డబ్లిన్ నగరంలోని లిబర్టీస్ అనే పేటలో, బ్లాక్‌పిట్స్ దాపున ఉన్న ఫాడిల్ ఆలీ అనే ఇరుకు సందులో అతడు జన్మించాడు. పూర్వం నగర పాలకుల అధికారం చెల్లని ప్రత్యేక ప్రాంతాలు కావడం వలన ఆ పేటకు లిబర్టీస్ అనే పేరు వచ్చింది. 18వ శతాబ్దంలో అది పట్టు, ఉన్ని నేతలకు ప్రసిద్ధి కెక్కిన పేట. 1801లో ఐర్లండు పార్లమెంటు రద్దై, ఆ దేశం బ్రిటన్‌తో విలీనమైన తరువాత డబ్లిన్ వైభవం తగ్గింది. మగ్గాలు మూలబడ్డాయి. ఒకనాటి పనివారి పేట పేదల పేటగా మారింది. మన కవి పెరిగింది ఆ పేటలోనే.

పుట్టిన పదిహేను దినాలకే జబ్బు చేసి బిడ్డ చూపు పూర్తిగా పోయింది. పేద యింట అంధ శిశువు భారమవుతాడని ఎవరైనా అనుకొంటారు. ఇక్కడ జరిగింది వేరు. కొంచెం ఎదగగానే ఆ పిల్లవాడు వీధి మూలల్లోను, లిఫీ నది వంతెనల మీదను నిలబడి పద్యాలు చదివి నాలుగు డబ్బులు ఇంటికి తేసాగాడు. కన్ను లేని లోటును చెవి తీర్చింది. నగరంలో వినిపించిన ప్రతి మాట, ప్రతి వదంతి, ప్రతి పాట అతని మనస్సులో నిలిచిపోయేది. మన పెద్దలు ఇటువంటి వారినే ఏకసంథాగ్రాహులు అన్నారు. చూపు లేకున్నా ఖురాన్ అంతటినీ కంఠస్థం చేసిన హాఫిజ్‌ల గురించి విన్న మన విద్యార్థులకు ఈ శక్తి నమ్మరానిదిగా తోచదు.

పెరిగి పెద్దవాడయ్యేసరికి లిబర్టీస్ పేటలోని వీధి గాయకు లందరికీ అతడు పెద్ద దిక్కయ్యాడు. ఆ బృందంలో మాడెన్ అనే నేతగాడు, కియర్నీ అనే అంధ ఫిడేలు విద్వాంసుడు, మెగ్రేన్ అనే మరొకడు ఉండేవారని యేట్స్ వ్రాశాడు. ఈ మెగ్రేన్ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. అతనితో మనకు మళ్ళీ పని ఉన్నది.

పేరు వచ్చిన విధం

మోరాన్ జోజిమస్ ఎట్లయ్యాడు? క్రైస్తవ గాథలలో ఈజిప్టు మేరీ అనే పుణ్యస్త్రీ కథ ఉన్నది. ఆమె యౌవనంలో భోగలాలసురాలై తిరిగి, జెరూసలేములో పశ్చాత్తాపం పొంది, జోర్డాన్ నది ఆవలి ఎడారిలో చిరకాలం ఒంటరిగా తపస్సు చేసింది. ఆమె వృత్తాంతాన్ని లోకానికి తెలిపిన సాధువు పేరు జోజిమస్. 18వ శతాబ్దంలో రాఫో బిషప్పు కాయిల్ ఈ కథను దీర్ఘకావ్యంగా రచించాడు. మోరాన్‌కు ఇది మొత్తం కంఠస్థం. అతడు దీనిని ఎంత తరచుగా, ఎంత భక్తితో వినిపించేవాడంటే, జనం కథలోని సాధువు పేరును కథకునికే పెట్టేశారు. తనది కాని కావ్యం అతనికి శాశ్వతమైన పేరు నిచ్చింది. ఇది గమనింపదగిన విషయం.

వేషం, వృత్తి

అతని వేషం చూచి నవ్వుకొనని వారుండరు. కాళ్ళ దాకా వ్రేలాడే ముతక ఉన్ని కోటు, దానిపై భుజాలను కప్పే మరొక మడత, అంచులన్నీ వంపులు వంపులుగా కత్తిరింపులు. తలపై జిడ్డోడే పాత గోధుమరంగు టోపీ. కార్డురాయ్ లాగు, మొరటు చెప్పులు. చేతిలో ముళ్ళచెట్టు కొయ్యతో చేసిన దుడ్డుకర్ర. అది జారిపోకుండా తోలు వారుతో మణికట్టుకు కట్టుకొనేవాడు.

అతని దినచర్యలో మాత్రం గొప్ప క్రమశిక్షణ ఉన్నది. ఉదయం ఫలహారం కాగానే భార్యయో, పొరుగువారో వార్తాపత్రిక చదివి వినిపించేవారు. కొంతసేపు విని, ఇక చాలు, నాకు ధ్యానం చేసుకొనే పని ఉన్నదని ఆపించేవాడు. ఆ ధ్యానంలోనే ఆనాటి చతురోక్తులు, పద్యాలు సిద్ధమయ్యేవి. తరువాత వీధిలోకి వెళ్ళి ఒక మూల నిలబడి, తన చుట్టూ జనం చేరారా, తాను నీటి గుంటలో నిలుచున్నానా అని పెద్ద గొంతుతో ప్రశ్నించేవాడు. పిల్లలు, కూలీలు నవ్వుతూ బదులు పలికేవారు. ఆ ప్రశ్నోత్తరాలతోనే సభ కూడేది. వేదిక లేదు, అధ్యక్షుడు లేడు. ముషాయిరాలో 'వాహ్వా' అన్న కేక వలెనే, అక్కడ పైస రాలిన చప్పుడే కవికి మెప్పు.

అతనిని మహాత్మునిగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. రుచుల మీద మక్కువ ఎక్కువ. మాంసంలోకి పుల్లని సాస్ విషయమై కోపం వచ్చి ఒకనాడు మాంసపు తొడను భార్యపైకి విసిరాడట. ఈ సంగతిని యేట్స్ నవ్వుతూ చెప్పాడు. మేము నవ్వలేము. కాని దాచము కూడా.

రచనలు

అతని పేరుతో నేటికీ నిలిచిన రచనలలో ముఖ్యమైనది మోషే శిశువు నైలు నదిలో దొరికిన కథ. మన ముస్లిం విద్యార్థులకు మూసా ప్రవక్త కథగా ఇది చిన్ననాటి నుండి తెలిసినదే. ఖురాన్‌లో ఆ శిశువును పెంచుకొందామని కోరినది ఫిరౌను భార్య. బైబిలులో ఆ పని చేసినది ఫరో కుమార్తె. జోజిమస్ బైబిలు కథను గ్రహించాడు. కాని అతని రాజకుమార్తె నైలు నదిలో స్నానం చేసి, గట్టుమీద ఆరబెట్టుకొని, బుట్టలోని బిడ్డను చూడగానే అచ్చం డబ్లిన్ వీధి స్త్రీ వలె గద్దించి, ఈ బిడ్డ మీలో ఎవరిదని చెలికత్తెలను నిలదీస్తుంది! పవిత్ర గాథను పరిహసించడం అతని ఉద్దేశమని మేము తలంచము. ఎన్నడూ నైలు నదిని చూడని శ్రోతలకు దానిని లిఫీ నదిగా చేసి చూపాడు. దూరపు కథ పొరుగింటి కథ అయింది. ప్రజాకవి చేసే పని ఇదే.

భక్తి కథలతో పాటు రాజకీయ విషయాలు కూడా అతని నోట వెలువడేవి. కాథలిక్కులకు పార్లమెంటు ప్రవేశం కలిగించిన 1829 నాటి చట్టం, ఆ విజయానికి నాయకుడైన డేనియల్ ఓకానెల్, 1840 తరువాత సాగిన విలీన రద్దు ఉద్యమం అతని కాలపు సంగతులు. పత్రిక కొనలేని పేదవానికి, కొన్నా చదువలేని వానికి ఈ అంధుడే పత్రిక.

న్యాయస్థానంలో

ఒకమారు అత్యుత్సాహపరుడైన ఒక పోలీసు అతనిని దేశదిమ్మరి అని పట్టుకొని న్యాయస్థానంలో నిలబెట్టాడు. జోజిమస్ ప్రాధేయపడలేదు. హోమరు సైతం కవియే, అంధుడే, యాచకుడే కదా అని న్యాయాధిపతికి పూర్వోదాహరణ చూపాడు! సభ నవ్వులతో నిండిపోయింది. పోలీసు ఓడిపోయాడు.

ఈ జవాబును హాస్యంగా మాత్రమే తీసుకొనరాదు. గ్రీకు కవిని విశ్వవిద్యాలయాలు పూజిస్తున్నాయి. అదే వృత్తిలో ఉన్న తమ నగరవాసిని చట్టం నేరస్థునిగా చూస్తున్నది. ఈ వైరుధ్యాన్ని చదువుకొన్న వారెవ్వరూ ఎత్తి చూపలేదు. అక్షరం రాని కవియే చూపాడు.

వంతెన మీద ఇద్దరు

జోజిమస్ గురించి అన్నిటికంటె ప్రసిద్ధమైన కథ ఎసెక్స్ వంతెన మీద జరిగినది. నేడు దానిని గ్రాటన్ వంతెన అంటారు. ఒక హాస్య నటుడు తాను జోజిమస్‌ను అచ్చుగుద్దినట్లు అనుకరించగలనని మిత్రులతో పందెం వేశాడు. అదే వేషం ధరించి, వంతెనపై నిలబడి పద్యాలు చదువసాగాడు. జనం మూగి డబ్బులు వేశారు. ఇంతలో అసలు జోజిమస్ అటు వచ్చి తన గొంతును తానే విన్నాడు! ఎవడీ మోసగాడని అరిచాడు. నకిలీవాడు తగ్గలేదు. ఒక గుడ్డివాని పొట్ట కొట్టవచ్చిన దుర్మార్గుడు ఎవడని అంతకంటె దీనంగా మొరపెట్టాడు. జనం నకిలీనే నమ్మి, అసలు కవిని కొట్టబోయారు. అప్పుడు నటుడు తన వేషం సంగతి బయటపెట్టి, కొన్ని షిల్లింగులు జోజిమస్ చేతిలో పెట్టి, పందెపు విందుకు వెళ్ళిపోయాడు.

ఈ కథ యథార్థమా? 1871లో ఒక రచయిత లాటిన్ ధోరణిలో హాస్యపు మారుపేరు పెట్టుకొని జోజిమస్ జీవితాన్ని చిన్న పుస్తకంగా ప్రకటించాడు. అప్పటికి కవి మరణించి 25 సంవత్సరాలు. ఆనాటికే డబ్లిన్‌లో 'జోజిమస్' పేరిట ఒక హాస్య వారపత్రిక కూడా నడుస్తూ ఉన్నది. హాస్యం కొరకు జ్ఞాపకాలకు మెరుగులు దిద్దడం సహజం. కనుక చరిత్ర విద్యార్థి ఇటువంటి కథను సాక్ష్యంగా గాక ఐతిహ్యంగా స్వీకరించాలి. కాని ఐతిహ్యం సైతం ఒక సత్యాన్ని చెబుతుంది. వ్రాతలేని కవికి తన కవిత్వం తనదని నిరూపించుకొనడానికి గొంతు తప్ప మరే దస్తావేజు లేదు. ఆ గొంతును ఎవడైనా ఎత్తుకొనిపోగలిగితే అతని వద్ద ఇక ఏమీ మిగలదు.

చివరి దినాలు

తుదకు జరిగింది అదే. వయస్సుతో అతని కంఠం చెడింది. గొంతు పోవడంతో జీవనాధారం పోయింది. 1845 శరదృతువులో ఐర్లండు బంగాళాదుంప పైరుకు తెగులు సోకింది. సుమారు 10 లక్షల ప్రాణాలను బలిగొన్న మహాక్షామానికి అది ప్రారంభం. ఆ మరుసటి వసంతంలో, 1846 ఏప్రిల్ 3న, ప్యాట్రిక్ స్ట్రీట్‌లోని తన గదిలో జోజిమస్ కన్నుమూశాడు. అతని కోరికపై తోటి వీధి గాయకులు ఆ గదిలో చేరి సాగనంపారట.

అతనికి ఒక భయం ఉండేది. ఆ రోజులలో వైద్య విద్యాలయాలకు అమ్మడానికి దొంగలు సమాధుల నుండి శవాలను త్రవ్వి తీసుకొనిపోయేవారు. పేదల శవాలకు రక్షణ తక్కువ. అందువలన కావలి బురుజులు, ఎత్తైన గోడలు ఉన్న గ్లాస్నెవిన్ శ్మశానంలో తనను పాతిపెట్టమని కోరాడు. 1832లో ఓకానెల్ కృషితో వెలసిన శ్మశానమది. అంతిమయాత్ర నాడు వాన, చలి. మిత్రులు శవపేటికతో పాటు బండిలోనికే ఎక్కారు. బరువుకు శ్మశానం చేరకముందే బండి స్ప్రింగు విరిగిందని యేట్స్ చెబుతాడు. పేదల భాగంలో, గుర్తు రాయి లేకుండా అతనిని పాతిపెట్టారు. డబ్లిన్ గాయకులు, అభిమానులు కలిసి అక్కడ స్మారక శిల నిలిపినది 1988లో, అంటే 142 సంవత్సరాల తరువాత!

ఇక మెగ్రేన్ సంగతి. జోజిమస్ పోయిన తరువాత ఇతడు అవే చింకిపాతలు తొడిగి, అసలు మోరాన్‌ను తానేనని, వేరొక మోరాన్ ఎన్నడూ లేడని ప్రకటించుకొన్నాడట. వంతెన మీది నటుడు ఒక్క సాయంత్రం అరువు తీసుకొని తిరిగి ఇచ్చిన దానిని ఇతడు తిరిగి ఇవ్వలేదు.

మనం గ్రహించవలసినది

యేట్స్ ఈ బిచ్చగానికి తన గ్రంథంలో ఎందుకు చోటిచ్చాడో ఇప్పుడు బోధపడుతుంది. రాజసభల్లో వెలిగిన ప్రాచీన ఐరిష్ కథక గాయకుల పరంపరలో కడపటివానిని అతడు ఈ చింకి కోటులో చూచాడు. ఆ వ్యాసానికి 'ది లాస్ట్ గ్లీమన్' అని పేరు పెట్టడంలోని అర్థం అదే.

అయితే మేము ఇంకొక మాట కూడా చెప్పదలచాము. జోజిమస్ బ్రతికి ఉన్నప్పుడు డబ్లిన్‌లో చదువుకొన్నవారికి కొరత లేదు. విశ్వవిద్యాలయం అతడు నిలబడిన వీధులకు కూతవేటు దూరంలోనే ఉన్నది. వారిలో ఒకరైనా కాగితం, కలం పట్టుకొని అతని ముందు కూర్చొని ఉంటే ఏ పద్యం అతనిది, ఏది ఇతరులదన్న సందేహం నేడు ఉండేది కాదు. నవ్వి, పైస వేసి వెళ్ళిపోయారు. పాతికేళ్ళ తరువాత వ్రాయ మొదలుపెట్టేసరికి మిగిలినవి హాస్యపు తునకలు మాత్రమే.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండు భాషల విద్యార్థులున్నారు. మనలో ఎందరి ఇళ్ళలోనో నానీలు, అమ్మమ్మలు పాడే పాటలు ఉన్నాయి. మన వీధులలో పాడుతూ వచ్చేవారున్నారు. సెలవులలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాటను విని, పాడినవారి పేరుతో సహా వ్రాసి తెచ్చినచో, అది మన కళాశాల గ్రంథాలయానికి చేరదగిన సంపద అవుతుంది. పాట క్రింద పాడినవారి పేరు వ్రాయడం మాత్రం మరువరాదు. జోజిమస్‌కు జీవితమంతా కరువైనది ఆ ఒక్క పంక్తియే.