గుండె గోడకు గండి

పాఠ్యభాగ ఉద్దేశం: పుట్టుకతో వచ్చే హృద్రోగాలలో తరచుగా కనిపించే జఠరికల మధ్య రంధ్రాన్ని గురించి శాస్త్రీయమైన అవగాహన కలిగించడం, సకాల చికిత్స ఆవశ్యకతను తెలియజేయడం.

విజయవాడలోని బెంజ్ సర్కిల్ వద్ద చెన్నై–కోల్‌కతా, హైదరాబాదు–మచిలీపట్నం రహదారులు కలుస్తాయి. 2020లో అక్కడ పైవంతెన అందుబాటులోకి వచ్చాక దూరప్రయాణ వాహనాలు పైనుంచి, నగర వాహనాలు కిందినుంచి ఒకదానికొకటి అడ్డుపడకుండా సాగుతున్నాయి. రెండు ప్రవాహాలను వేరుగా నడిపే ఈ నేర్పు మానవ హృదయానికి పుట్టుకతోనే అబ్బింది.

గుండెకు నాలుగు గదులు. పై రెండూ కర్ణికలు, కింది రెండూ జఠరికలు. కుడి జఠరిక చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు, ఎడమ జఠరిక ప్రాణవాయువుతో కూడిన రక్తాన్ని దేహమంతటికీ పంపుతాయి. వీటి మధ్య గోడ గర్భస్థ శిశువులో సుమారు ఎనిమిదవ వారానికి పూర్తి కావాలి. అది అసంపూర్తిగా మిగిలితే రంధ్రం ఏర్పడుతుంది.

కృష్ణా డెల్టా వాసులకు గండి అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో అనేక కాలనీలు నీట మునిగాయి. మెరక నీరు పల్లానికి పారినట్లే, ఒత్తిడి ఎక్కువగా ఉండే ఎడమ జఠరికలోని రక్తం రంధ్రం గుండా కుడివైపుకు మళ్ళి ఊపిరితిత్తులను ముంచెత్తుతుంది. పాలు తాగుతూనే బిడ్డ అలసిపోవడం, నుదుట చెమట పట్టడం, ఎగశ్వాస, బరువు పెరగకపోవడం, తరచూ నెమ్ము చేయడం పెద్ద రంధ్రానికి లక్షణాలు.

వైద్యుడు స్టెతస్కోపుతో వినే అదనపు ధ్వనిని మర్మరం అంటారు. ఆకుల, వస్త్రాల సవ్వడికి అమరకోశం ఇచ్చిన పేరే ఇది. విచిత్రమేమంటే, రంధ్రం చిన్నదైనా ధ్వని పెద్దదిగా ఉండవచ్చు. 1879లో ఫ్రెంచి వైద్యుడు ఆన్రీ రోజే దీనిని వర్ణించాడు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే పూడుకుపోతాయి. పెద్దవాటిని తరచుగా తొలి ఏడాదిలోనే మూయవలసి వస్తుంది. ఉపేక్షిస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి, ప్రవాహం ఎదురు తిరిగి, పెదవులు నీలమవుతాయి. ఆ దశలో రంధ్రాన్ని మూయడమే ప్రాణాపాయం.

1954 మార్చి 26న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వాల్టన్ లిల్లెహై తెరచిన గుండెలో ఈ రంధ్రాన్ని తొలిసారి మూశాడు. ఆ సమయంలో శిశువు రక్తాన్ని తండ్రి గుండె, ఊపిరితిత్తులే నడిపించాయి. శస్త్రచికిత్స ఫలించినా శిశువు పదకొండు రోజులకు న్యుమోనియాతో మరణించాడు. అయినా ఆనాడు పడిన దారి ఎందరో బిడ్డలను బతికించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకూ ఈ చికిత్సను చేరువ చేసింది. విజయవాడ ఆంధ్ర హాస్పిటల్స్‌లో బ్రిటన్‌కు చెందిన హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థ వైద్యులు పసిపిల్లలకు గుండె శస్త్రచికిత్సలు చేశారు.

ఇంత జరిగినా కొన్ని ఇళ్ళలో గ్రహణాన్నీ, కన్నతల్లినీ నిందిస్తారు. ఆడపిల్లయితే పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని రోగాన్ని దాస్తారు. గోడ అసంపూర్తిగా మిగలడం తల్లి చేసిన దోషం కాదు. గండి పూడ్చే గడువు దాటకుండా చూడడం మాత్రం పెద్దల బాధ్యత.

అర్థాలు
ఎగశ్వాస – ఆయాసంతో పైకి వచ్చే ఊపిరి
నెమ్ము – ఊపిరితిత్తులలో చేరే చెమ్మ
ఉపేక్షించు – అశ్రద్ధ చేయు

ప్రశ్నలు
1. జఠరికల మధ్య రంధ్రం ఊపిరితిత్తులకు ఎలా హాని చేస్తుందో వివరించండి.
2. రోగాన్ని దాచడం వల్ల కలిగే అనర్థాలను తెలపండి.