చీమల బెడద - గ్రామపంచాయతీ కర్తవ్యము

తొలకరి వానలు కురిసిన మఱునాడు మన గ్రామములలో ఏ వంటయింటిలో చూచినను, గోడవెంట నల్లని దారము పఱచినట్లు చీమల బారు కానవచ్చును. పుట్టలలోనికి నీరు దిగుటచే అవి పిల్లలతోడను గ్రుడ్లతోడను మెరకకు, అనగా మన యిండ్లలోనికి, తరలివచ్చును. బెల్లపు కుండ, పాలగిన్నె, పసిపిల్లవాని ఉయ్యాల - అన్నియు వాని పాలబడును. ఇంత చిన్న విషయమును పంచాయతీ సభ్యుల యెదుట పెట్టనేల యని కొందఱు తలంపవచ్చును. చీమ చిన్నదియే, కాని దానిని చంపుటకు మనము తెచ్చు మందు చిన్నది కాదు.

ఒక అంగన్‌వాడీ కేంద్రములో బాలామృతము సంచికి చీమలు పట్టినవనుకొందము. పొలమునకు తెచ్చిన పురుగుమందు కొంత మిగిలియున్నది. ఎవరో దయతోనే దానిని తెచ్చి సంచి చుట్టును చల్లుదురు. చీమలు పోవును. కాని ఆ పొడి చేతులకంటి, గిన్నెల కంటి, బిడ్డల నోటిలోనికి చేరుట కెంతసేపు పట్టును? 2013వ సంవత్సరము జులై 16వ తేదీన బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పంటల పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలలో తేలినది. అది చీమల కొఱకు తెచ్చిన మందు కాదు. కాని పురుగుమందును తినెడి పదార్థమును ఒకచోటికి చేరనిచ్చిన ఏమి జరుగునో ఆ దుర్ఘటన మనకు తెలుపుచున్నది.

చీమల సంసారము

శత్రువును గెలువవలెనన్న వాని యిల్లు తెలియవలెను. గోడపై మనకు కనబడునవి పనిచీమలు మాత్రమే. ఇవి గ్రుడ్లు పెట్టని ఆడ చీమలు. పుట్ట లోపల రాణిచీమ గ్రుడ్లు పెట్టుచునే యుండును. కొన్ని జాతుల రాణులు ఏండ్ల తరబడి జీవించును. కావున గోడపై నూఱు చీమలను నలిపినను, రాణి యున్నంతకాలము ఆ లోటు తీరుచునే యుండును.

మేత కనుగొన్న చీమ తిరిగి పోవునపుడు నేలపై ఒక వాసనను విడుచును. తక్కిన చీమలు ఆ వాసన పట్టుకొని వచ్చును. అందుచేతనే బారు తీరుగా నడచును. అంతేగాక, పెద్ద చీమలు గట్టి పదార్థమును మ్రింగజాలవు. ద్రవమునే త్రాగి, దానిని పుట్టలోని వారికి నోటినుండి నోటికి పంచిపెట్టును. ఈ రెండు విషయములును మనకు ఆయుధములు.

చీమలా, చెదలా?

వానాకాలపు సందెవేళ దీపము చుట్టును మూగు ఉసిళ్ళు చీమలు కావు. అవి రెక్కలు వచ్చిన చెదలు. చీమకు నడుము సన్నము, మీసము మోచేతివలె వంగియుండును, ముందరి రెక్కలు వెనుకటి వానికంటె పొడవు. చెదకు నడుము మొద్దు, మీసము తిన్నన, నాలుగు రెక్కలును సమానము. ద్వారబంధములపై మట్టి గొట్టములు కనబడిన అది చెదల పని. ఇచట చెప్పు ఉపాయములు చెదలకు పనికిరావు. వ్యవసాయాధికారిని సంప్రదింపవలయును.

పాత మందులు నేడు తగవు

మన పెద్దలు గమేక్సిన్ పొడి, ఆల్డ్రిన్ మున్నగువానిని చీమలకు విరివిగా వాడిరి. అవి నేలలో ఏండ్ల తరబడి నశింపక నిలిచి, పాలలోనికిని ఆహారములోనికిని చేరునని తరువాత తెలిసినది. ఆల్డ్రిన్‌ను 1996లోను, గమేక్సిన్ వర్గమునకు చెందిన బి.హెచ్.సి.ని 1997లోను మన దేశమున నిషేధించిరి. ఏ యింటి అటకపైననైన పాత డబ్బా మిగిలియున్న, దానిని వాడరాదు, కాలువలో పాఱబోయరాదు, వ్యవసాయాధికారికి తెలుపవలెను.

చీమల చాక్‌పీసు అని అంగళ్ళలో అమ్మునదియు విషమే. అది బడిలోని సుద్దముక్కను పోలియుండుటచే, పిల్లలున్న చోట దానికి తావీయరాదు. మఱియొక సంగతి: కొన్ని జాతుల చీమలపై మందు చిమ్మిన, అవి బెదరి, ఒక పుట్ట నాలుగైదు పుట్టలుగా చీలిపోవును. ఆసుపత్రులలో తఱచుగా కనబడు చిన్న పసుపు వన్నె ఫారో చీమ యిట్టిదే. మందు కొట్టినకొలది చీమలు పెరిగినవని కొందఱు చెప్పుటకు కారణ మిదియే.

ఇంటిలో చేయవలసిన పని

మొదటిది శుభ్రత. బెల్లము, పంచదార, నూనె, పిండి - వీనిని బిగుతు మూతగల డబ్బాలలో ఉంచవలెను. రాత్రి ఎంగిలి గిన్నెలు నిలువయుంచరాదు. ఉట్టిపై పాలు పెరుగులు పెట్టుట మన పూర్వుల మంచి యుపాయము. అలమార కాళ్ళను నీటి పళ్ళెములలో నిలిపిన చీమలు ఎక్కజాలవు. కాని ఆ నీటిని వారమునకు రెండుమారులు పాఱబోసి, పళ్ళెమును తోమవలెను. లేనిచో చీమలకు మాఱుగా దోమలను పెంచినవార మగుదుము.

రెండవది దారి చెఱపుట. చీమల బారును సబ్బునీటి గుడ్డతో తుడిచిన ఆ వాసన పోవును. అవి ఏ పగులునుండి వచ్చుచున్నవో చూచి, సున్నముతోనో సిమెంటుతోనో పూడ్చవలెను. పసుపు, బూడిద చల్లిన చీమలు కొంతసేపు తొలగును గాని పుట్ట నశింపదు.

మూడవది ఎర. పై రెండును చేసినను బెడద తగ్గనిచో, నూఱు మిల్లీలీటర్ల నీటిలో రెండు చిన్న చెంచాల పంచదార, అనగా దాదాపు 10 గ్రాములు, పావు చెంచా బోరిక్ ఆసిడ్ పొడి, అనగా దాదాపు 1 గ్రాము, కలిపి కరగింపవలెను. దూదిని అందులో తడిపి, చీమ దూరునంతటి రంధ్రములుగల మూత డబ్బాలో ఉంచి, దానిని బారు దగ్గఱ పెట్టవలెను. ఎర పెట్టిన చోట దారిని తుడువరాదు, మందు చిమ్మరాదు. తొలిదినము చీమలు మిక్కిలిగా మూగును. వానిని చంపరాదు; అవి విషమును రాణికి మోసికొని పోవుచున్నవి.

బోరిక్ పాలు హెచ్చించిన త్వరగా పని యగునని తలచుట పొరపాటు. పాలు మించిన చీమ పుట్ట చేరకముందే చచ్చును, లేదా ఎరను ముట్టదు. మెల్లగా పనిచేయుటయే దీని గుణము. ఎరను రెండు మూడు దినముల కొకసారి మార్చుచు, రెండు మూడు వారములు ఓపిక పట్టవలెను. బోరిక్ పొడియు తినిన హానికరమే. కావున డబ్బాపై పేరు వ్రాసి, పిల్లలకును పశువులకును కోళ్ళకును అందని చోట ఉంచవలెను. మందును తినుబండారముల సీసాలలో ఎన్నడును పోయరాదు.

పెరటిలో

పెరటిలోని చీమలన్నియు శత్రువులు కావు. అవి నేలను గుల్లచేయును, చెదలను, గొంగళి పురుగులను తినును. మామిడి చెట్లపై ఆకులు కుట్టి గూళ్ళు కట్టు ఎఱ్ఱచీమలు కాయ కోయువారిని కుట్టినను, తోటకు హాని చేయు పురుగులను వేటాడును. వాకిట బియ్యపుపిండితో ముగ్గు పెట్టి చీమలకు మేత వేయు ఆచారము మనది. కావున గుమ్మము చెంత, పిల్లలాడు చోట, పశువుల కొట్టములో ఉన్న పుట్టలను మాత్రమే తొలగించిన చాలును. అట్టి పుట్టపై మరుగుచున్న నీటిని రెండు మూడుమారులు జాగ్రత్తగా పోయవలెను. మొక్కల మొదళ్ళయందు ఈ పని కూడదు.

నిమ్మ, చిక్కుడు మొక్కలపై చీమలు మూగినచో, ఆకుల క్రింద పేనుబంకయో పిండినల్లియో యున్నదని తెలియవలెను. అవి విసర్జించు తీపి ద్రవము కొఱకే చీమలు వానిని కాపాడును. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బుతో కలిపి చల్లిన, ఆ పురుగు తగ్గును, చీమలును తొలగును.

కుట్టినప్పుడు

కుట్టిన చోట సబ్బునీటితో కడిగి, చల్లని తడిగుడ్డ వేయవలెను. ముఖము వాచినను, ఊపిరి ఆడకున్నను, ఒడలెల్ల దద్దురులు లేచినను ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. బిడ్డను పరుండబెట్టుటకు ముందు మూతిపై పాలచారలను తుడువవలెను.

పంచాయతీ చేయదగినవి

ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమును, తెలంగాణలో 2018 నాటి చట్టమును గ్రామ పారిశుద్ధ్య భారమును పంచాయతీపైననే ఉంచినవి. సభ్యులు ఒక దినము కలిసి పాఠశాల వంటగదిని, అంగన్‌వాడీ కేంద్రమును స్వయముగా చూడవలెను. సంచులు నేలపైనున్నవా, బల్లపైనున్నవా? గోడ పగుళ్ళు పూడ్చబడినవా? మూతగల డబ్బాలు చాలినన్ని యున్నవా? వంటసామగ్రి యున్న గదిలో ఏ మందు డబ్బాయైన నున్నదా? తుది ప్రశ్నకు అవునను జవాబు వచ్చినచో, సమావేశము వఱకు ఆగక ఆ దినముననే దానిని తొలగింపవలెను.

అటుపిమ్మట సమావేశములో ఇట్లు తీర్మానింపవచ్చును: “పిల్లల ఆహారము వండు చోటను, నిలువచేయు చోటను పొలపు పురుగుమందులను ఉంచరాదు, వాడరాదు. అట్టి గదులకు మూత డబ్బాలు, బల్లలు, పగుళ్ళ మరమ్మతు పంచాయతీ సమకూర్చును.” ఈ తీర్మానమును గ్రామసభలో చదివి వినిపించిన, ప్రతి యిల్లాలికిని అది పాఠమగును.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామములో చీమలకు ఏ మందులు వాడుచున్నారు? వానిని ఎచట నుంచుచున్నారు?
2. నిషిద్ధమైన పాత మందులు ఎవరి యింటనైన మిగిలియున్నవా?
3. అంగన్‌వాడీ గదికి కావలసిన డబ్బాలు, బల్లలు, మరమ్మతులకు ఎంత వ్యయమగును?

చీమలు లేని గ్రామము ఎచటను ఉండదు, ఉండనక్కఱయు లేదు. పిల్లల కంచము దగ్గఱకు విషము చేరని గ్రామము మాత్రము మన చేతిలోనున్నది.